బోల్టు మీద పంది గాటు

ఆ వీధిలో ఎవరి కుట్టుమిషను మొరాయించినా సోమవారానికీ శనివారానికీ మధ్యే మొరాయించాలి. ఆదివారం మొరాయిస్తే దాని ఖర్మ. మెకానిక్ దొరకడు. పెళ్లికూతురి జాకెట్టు సూది కింద ఇరుక్కుని, పెళ్లికొడుకు బయట కారు హారన్ కొడుతున్నా దొరకడు. అందుకే కన్నవాళ్లు పెట్టిన పేరు ఎప్పుడో చెరిగిపోయి, 'ఆదివారం మామ' అన్న పేరు మిగిలింది. ఆయనకంటే ఇరవయ్యేళ్లు పెద్దవాళ్లు కూడా మామా అనే పిలిచేవాళ్లు. ఆయనా పలికేవాడు.

ఆదివారం పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ముందుగది తలుపు గడియ పెట్టి, ఇనప బీరువాకున్న రెండు తాళాలూ తీసేవాడు. లోపల పాత దుప్పటి కప్పుకుని తండ్రి తుపాకీ నిలబడి ఉండేది. మామ పుట్టేనాటికే దానికి పాతికేళ్లు. తండ్రి దవడ ఆనిన చోట కర్ర మీద మెరుగు తేలి, అద్దంలా ముఖం కనబడేది. దాన్ని బల్లమీద పడుకోబెట్టి, తోలుసంచిలోంచి మూడు ముక్కల ఉక్కు ఊచ తీసి, మరలు బిగించి ఒకటి చేసి, కొనకి నూనెగుడ్డ తొడిగి, తుపాకీ మూతిలోంచి లోపలికి దించేవాడు. కిందికీ పైకీ నలభైసార్లు. మధ్యలో అంకె తప్పితే మళ్లీ ఒకటి నుంచి. తండ్రి పోయి ముప్పై ఒక్కేళ్లు. ఈ ముప్పై ఒక్కేళ్లలో ఆ తుపాకీ ఎన్నిసార్లు పేలిందో చెప్పడానికి ఒక చేతి వేళ్లు చాలు, అందులోనూ బొటనవేలు మిగిలిపోతుంది. తోమించుకోవడం మాత్రం ఒక్క వారం తప్పలేదు.

అయినా ఇంక పేల్చడానికి ఏం మిగిలిందని? పేల్చాల్సినవన్నీ తండ్రే పేల్చేశాడు కదా. ఎదురింటి మేడమీద వెలుగుతున్న కొవ్వొత్తిని ఇక్కడి కిటికీలోంచి ఆర్పేశాడట. మైనం చుక్క కింద పడలేదట. ఎగిరే కొంగ ముక్కులో చేపని కొట్టి, కొంగని క్షేమంగా పంపించేశాడట. ఇక అడవిపంది సంగతి. అది మీది మీదికి వచ్చేస్తే తుపాకీ అడ్డం పెట్టాడట. పంది కోరతో బోల్టుని కరిచింది. ఆ గాటు ఇప్పటికీ ఉంది. గొట్టం వెనక తలుపులా మూసుకునే ఉక్కు కడ్డీని బోల్టు అంటారు. తూటాని లోపలికి తోసేదీ అదే, పేలాక ఖాళీ తొడుగుని బయటికి లాగేదీ అదే. దాని వెనక కొసలో గోరంత నొక్కు. కస్టమరు ఎవరైనా కాసేపు కూర్చుంటే చాలు, మామ బీరువా తీసి ఆ నొక్కు మీద వేలు పెట్టించేవాడు. వేలు పెట్టినవాడు నమ్మక చస్తాడా?

తండ్రి తుపాకీతోపాటు ఒక కట్టడి కూడా ఇచ్చి పోయాడు. "బోల్టుని వెనక్కి లాగు, ముందుకి తొయ్యి. ఊడదీయకు. ఊడదీశావా, తుపాకీ గురి మర్చిపోతుంది. మనిషి తల తీసి మళ్లీ పెట్టి చూడు, వాడికి ఇల్లు గుర్తుంటుందా?" అనేవాడు. గుర్తుండదు మరి. అందుకే తండ్రి ఊచ మూతిలోంచే దించాడు, కొడుకూ మూతిలోంచే దించాడు. బోల్టు మాత్రం ఎన్నడూ తన చోటు కదల్లేదు.

మూడేళ్లకోసారి లైసెన్సు కొత్తది చేయించుకోవాలి. అందుకు ఊరి చివర, గురి సాధన చేసే తుపాకుల రేంజిలో తుపాకీ చూపించాలి. పాత ఆఫీసరు టీ తాగుతూ తుపాకీని పైనించి కిందికి చూసి, "బంగారంలా పెట్టుకున్నావయ్యా" అని సంతకం పెట్టేసేవాడు. ఆయన రిటైరయ్యాడు. కొత్తగా వచ్చిన ఆఫీసరు పొడుగ్గా, వెదురుబొంగులా ఉన్నాడు. టీ తాగడు. నవ్వడు.

"వారసత్వం తుపాకీకి కొత్త నిబంధన వచ్చింది. వంద మీటర్ల నుంచి పది తూటాలు కాల్చాలి. ఏడు గురిబోర్డు మధ్య నల్లచక్రంలో పడాలి" అన్నాడు.

"పడకపోతే?"

"పదిహేను రోజుల్లో ఇంకో అవకాశం. అప్పుడూ పడకపోతే గొట్టానికి చిల్లు పొడిచి, బోల్టు వెల్డింగ్ చేసి ఇస్తాం. గోడకి తగిలించుకోవచ్చు."

మామ నవ్వాడు. "మీరు గోడ సంగతి వదిలేయండి సార్. ముందు మీ చక్రం గట్టిదో కాదో చూసుకోండి."

పక్కన నలుగురు నవ్వారు. మామ పడుకుని, కర్రని దవడకి ఆనించుకుని, పది తూటాలూ కాల్చాడు. బోర్డు తెచ్చి చూస్తే కాగితం మీద మూడే రంధ్రాలు. నల్లచక్రంలో ఒక్కటీ లేదు. మిగతా ఏడు ఎటు పోయాయో వాటిని కన్న కార్ఖానాకి కూడా తెలియదు. నవ్విన నలుగురూ మళ్లీ నవ్వారు, ఈసారి వేరే రకంగా.

ఇంటికొచ్చాక తప్పు తూటాలది అన్నాడు. కాసేపటికి గాలిది అన్నాడు. అన్నం ముందు కూర్చున్నాక కొత్త కళ్లజోడుది అన్నాడు.

"అన్నిటికీ తప్పుందండీ, మీకు తప్ప" అంది భార్య. "చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని ఊరికే అనలేదు."

ఆ కళ్లజోడు చేసిపెట్టింది కూతురే. కళ్లద్దాల కొట్టులో అద్దాలు అరగదీసి ఫ్రేములకి సరిచేసే పని ఆమెది. వెంట్రుకవాసి తేడా కూడా పట్టేస్తుంది. కళ్లజోడు మీదికి మాట వచ్చేసరికి రేంజి నుంచి ఆయన తెచ్చిన కాగితం లాక్కుని దీపం కింద పెట్టింది.

"నాన్నా, ఈ రంధ్రాలు గుండ్రంగా లేవు."

"రంధ్రాలు గుండ్రంగా కాక నలుపలకలుగా ఉంటాయా?"

"తాళంచెవి దూరే రంధ్రంలా పొడుగ్గా ఉన్నాయి. గుండు ముక్కుతో తగల్లేదు, అడ్డంగా పడింది. గాల్లో పల్టీలు కొడుతూ వెళ్లింది. ఇది నీ చూపు తప్పు కాదు, తుపాకీదే."

మామ ముద్ద కలపడం ఆపేశాడు. చూపు తప్పు అని ఉంటే బాగుండేది. కళ్లు ముసలివైతే ముసలివే, దానికి సిగ్గేముంది? తుపాకీది తప్పన్నది ఆ ఇంట్లో మొదటిసారి వినబడిన మాట. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

రెండు వీధుల అవతల తుపాకుల మరమ్మతు కొట్టు ఉంది. ఒకప్పుడు దాన్ని ఒక పెద్దమేస్త్రి నడిపేవాడు. కొడుక్కి ఆ పని అబ్బలేదు, కోడలికి అబ్బింది. పెద్దమేస్త్రి పోయి పదేళ్లైనా, జుట్టు నెరిసినా ఆమె అందరికీ కోడలమ్మే. కూతురు పోరు పెడితే మామ తుపాకీని గుడ్డలో చుట్టుకుని అక్కడికి వెళ్లాడు. కూతురూ వెంట వెళ్లింది.

కోడలమ్మ పైపై మెరుగు చూసి, "అబ్బ, నగలా ఉంది బాబాయ్" అంది. మామ ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఆమె సొరుగులోంచి మందు లేని ఉత్తుత్తి తూటా ఒకటి తీసింది. దాని గుండుని తుపాకీ మూతిలో తలకిందులుగా పెట్టింది.

"గొట్టం బాగుంటే గుండు సగం కూడా దిగకూడదు. మూతి దగ్గరే పట్టేసుకోవాలి. చూడండి."

గుండు ఆగలేదు. చెంచాలో మందు మింగినట్టు మూతి దాన్ని మొత్తం మింగేసింది. ఇత్తడి తొడుగు అంచు టిక్కున ఇనుముకి తగిలింది.

కోడలమ్మ బోల్టు పక్కనున్న మీట నొక్కి, బోల్టుని వెనక్కి లాగి ఊడదీసేసింది. మామ "హే!" అన్నాడు. అనేసరికే అది ఆమె చేతిలో ఉంది. ఆయన ముఖం తిప్పుకున్నాడు, చూడకూడనిదేదో చూసినట్టు.

"ఇప్పుడు వెనక నుంచి చూడు తల్లీ" అని ఆమె కూతురిని పిలిచింది. మూతి దగ్గర లైటు పెట్టింది.

కూతురు ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. "లోపలంతా మెలికలు తిరిగిన గాళ్లు ఉన్నాయి నాన్నా. చక్కగా, పదునుగా ఉన్నాయి. చివర మాత్రం... చివర లేవు. నున్నగా ఉంది."

"ఆ గాళ్లే గుండుని తిప్పేది" అంది కోడలమ్మ. "బొంగరం తిరిగినంతసేపే నిలబడుతుంది. మూతి దాటేటప్పుడు గాళ్లు పట్టు వదిలేస్తే గుండు తూలిపోతుంది. దీన్ని దేంతో తుడుస్తారు బాబాయ్?"

"ఊచతో."

"ఉక్కు ఊచా?"

"మా నాన్నది."

"మూతిలోంచి?"

మామ తుపాకీ మూతి వంక చూశాడు. ఇంక ఎవరూ చెప్పాల్సిన పనీ లేదు. దారం ఉక్కుని కోస్తుందని ఈ వీధిలో ప్రతి టైలరుకీ చెప్పింది ఆయనే. ఏళ్ల తరబడి ఒకే చోట రాసుకుంటే ఉత్త నూలుదారం మిషనులోని ఇనప కొక్కేనికి గాడి పెట్టేస్తుంది. అలాంటిది ఉక్కు ఊచ, మూడు అతుకుల ఊచ, వారానికి నలభైసార్లు.

"వెనక నుంచి తుడిస్తే ఇలా అయ్యేది కాదు. బోల్టు తీస్తే దారి తిన్నగా ఉంటుందిగా?"

"బోల్టు తీయకూడదు. తీస్తే గురి మర్చిపోతుంది. మా నాన్న చెప్పాడు."

కోడలమ్మ పెదవి కొరుక్కుంది. చెప్పాలా వద్దా అని చూసింది. చెప్పేసింది. "బాబాయ్, కోప్పడకండి. మా మామగారు నవ్వుతూ చెప్పేవారు. మీ నాన్నగారు ఒకసారి మిట్టమధ్యాహ్నం జేబురుమాల్లో బోల్టు చుట్టుకుని వచ్చారట. ఊడదీస్తే మళ్లీ ఎక్కలేదట. సుత్తితో కూడా కొట్టి చూశారట. మా మామగారు అరనిమిషంలో సరిచేసి ఇస్తే, 'ఈ సంగతి ఎవరికీ చెప్పకు' అని..."

"నోర్ముయ్!" అన్నాడు మామ. కొట్టులో గోడకున్న రేకులు అదిరాయి. "కొంగ నోట్లో చేపని కొట్టిన మనిషికి బోల్టు ఎక్కించడం రాదా? పోయినవాళ్ల మీద మాటలు పోగెయ్యకు."

కూతురు చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాడు. బోల్టుని ఆమె చేతే పెట్టించుకుని, తుపాకీ చుట్టుకుని వచ్చేశాడు.

ఆ వారం మామ నోటి నుంచి ఒక్క కోత కూడా రాలేదు. వీధికి జ్వరం వచ్చినట్టైంది. మిషను మీద చెయ్యి ఉండేది, మనసు గొట్టంలో ఉండేది. రాత్రనక పగలనక ఒకటే లెక్క. నాన్న తుడిచింది పేల్చినప్పుడే, అదీ ఏడాదికి నాలుగైదుసార్లు. తను తుడిచింది వారం వారం. ఆ మూతిని తిన్నది ఎవరు? ఎటు తిప్పి చూసినా లెక్క తన మీదే తేలేది. పైన పటారం, లోన లొటారం. ఆ లొటారం చేసింది ఈ చేతులే, ఇంత ప్రేమగా.

గురువారం ఒకావిడ మిషను తెచ్చింది. దారం తెగిపోతోందంది. విప్పి చూస్తే కొక్కెం అరిగి గాడి పడి ఉంది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా, అతిగా..." అని మొదలుపెట్టి మామ ఆగిపోయాడు.

"అతిగా ఏంటి మామా?"

"ఏం లేదమ్మా. మారుస్తాను."

ఆ సాయంత్రమే తుపాకీ తీసుకుని కోడలమ్మ కొట్టుకి వెళ్లాడు. క్షమించమని అడగలేదు, అలాంటి మాట ఆయన నోట్లో ఎప్పుడూ ఇమడలేదు. "దీనికి వైద్యం ఉందా?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

ఉంది. మూతి లోపల రెండంగుళాల మేర అరిగిన భాగాన్ని తొలిచేసి వెడల్పు చేయాలి. అప్పుడు గుండు పదునైన గాళ్ల దగ్గరే గొట్టాన్ని వదిలేస్తుంది, మిగతా రెండంగుళాలూ దానికి తగలవు. బయటినుంచి చూస్తే ఏ తేడా ఉండదు. "అంటే చిల్లు పొడవడమే కదా" అన్నాడు మామ. ప్రభుత్వం పొడిచేదీ చిల్లే, ఈమె పొడిచేదీ చిల్లే. ఆమె అవునని తలూపింది. "వాళ్లది చావడానికి, నాది బతకడానికి." లేత్ మిషను తిరుగుతున్నంతసేపు మామ బయట అరుగు మీద కూర్చుని రెండు చెవులూ మూసుకున్నాడు. ఇంట్లో ఎవరినో ఆపరేషన్ గదిలోకి పంపినవాడిలా.

తుపాకీ ఇస్తూ కోడలమ్మ ఒకే మాట చెప్పింది. "కాల్చే ముందు గొట్టంలో నూనె ఉండకూడదు. పొడిగుడ్డతో వెనక నుంచి తుడవండి. బోల్టు తీయండి బాబాయ్. అదేమీ చచ్చిపోదు." తీయడం చూపిస్తానంటే, "చూశానులే" అన్నాడు. చూడలేదు. ముఖం తిప్పుకున్న సంగతి ఇద్దరికీ తెలుసు.

గడువు ఆఖరిరోజు శనివారం. రేంజి పన్నెండింటికి మూసేస్తారు. తొమ్మిదిన్నరకి మామ బల్లముందు కూర్చున్నాడు. కూతురు కళ్లద్దాల కొట్టుకి వెళ్లిపోయింది. వంటింట్లో భార్య గిన్నెలు సర్దుతోంది. ఆయన మీట నొక్కి, కళ్లు మూసుకుని, ముప్పై ఒక్కేళ్లలో మొదటిసారి బోల్టుని బయటికి లాగాడు. ఆకాశం ఊడిపడలేదు. పొడిగుడ్డ వెనక నుంచి ముందుకి హాయిగా జారింది. ఇంత తేలికా అనుకుంటూ బోల్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిప్పుతుంటే దాని వెనక కొసనున్న ముక్క చటుక్కున పక్కకి తిరిగి, స్ప్రింగు లాగేసి ముందుకి నక్కింది.

మళ్లీ పెట్టబోతే పోలేదు.

తిప్పి పెట్టాడు, పోలేదు. నూనె రాశాడు, పోలేదు. పది కొట్టింది. ఐదు వందల రకాల మిషన్లు విప్పి బిగించిన చేతులు చెమటతో జారిపోతున్నాయి. పదీ పావు. కోడలమ్మ కొట్టు రెండు వీధులే. కానీ ఎలా వెళ్లడం? ఏ మాట అన్నందుకు నోర్ముయ్ అన్నాడో, అదే మాటని చేతిలో పట్టుకుని వెళ్లాలి. పదిన్నర. ఆయన పనిముట్ల పెట్టెలోంచి సుత్తి తీశాడు. ఒక్క దెబ్బ, మెల్లిగా, కొసమీద. అంతే, కూర్చుంటుంది.

భార్య గుమ్మంలోకి వచ్చింది. "కొడతారా?"

"ఒక్కటి."

"మిషను మీద సుత్తి ఎత్తితే టైలర్ని చంపినంత పని చేస్తారు మీరు."

సుత్తి గాల్లో ఉంది. ఎక్కడ కొట్టాలా అని మామ బోల్టు కొస వంక చూశాడు. సరిగ్గా సుత్తి పడాల్సిన చోట అప్పటికే ఒక నొక్కు ఉంది. గోరంత నొక్కు. గుండ్రంగా, సుత్తి అంచంత వంపుతో. ఎంతమంది వేళ్లు పెట్టించాడో లెక్కలేని పంది గాటు.

సుత్తిని దాని దగ్గరికి తెచ్చి తాకించాడు, కొట్టకుండా. సరిపోయింది. మామ కుర్చీలో కూలబడ్డాడు. తండ్రి చెయ్యి ఇక్కడే, ఈ బల్లముందే, ఇలాగే చెమటలు కక్కి ఉంటుంది. ఆ సిగ్గు కప్పుకోవడానికి ఒక పంది పుట్టింది. ఆ పంది వెనక ఒక కట్టడి పుట్టింది. ఆ కట్టడి ముప్పై ఒక్కేళ్లు మూతిని తింది.

"ఏడుస్తున్నారా?" అంది భార్య మెత్తగా.

"జేబురుమాలు ఇవ్వు."

కళ్లు తుడుచుకోవడానికేమో అనుకుని ఇచ్చింది. ఆయన దాంట్లో బోల్టు చుట్టి, తుపాకీ భుజానికెత్తుకుని బయటపడ్డాడు. టైలరు కొట్టు దగ్గర, "ఏంటి మామా, రుమాల్లో ఏంటి, మిఠాయా?" అని అరిచారు. తండ్రయితే ఏం చెప్పేవాడో ఆయనకి తెలుసు. పులి గుడ్డు అనేవాడు.

"బోల్టు ఊడదీశాను, పెట్టడం రాలేదు" అన్నాడు మామ. కొట్టంతా నవ్వింది. ఆయన జోకు వేశాడనుకున్నారు.

కోడలమ్మ రుమాలు చూసింది, మామని చూసింది. నవ్వలేదు. ఆ కొసముక్కని బల్ల అంచుకి తగిలించి, వెనక్కి లాగి పావువంతు తిప్పింది. టక్. బోల్టు వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది.

"ఇంకోసారి ఊడదియ్యి" అన్నాడు మామ. "ఈసారి చూస్తాను."

రేంజి చేరేసరికి పన్నెండుకి ఇరవై నిమిషాలు. పొడుగు ఆఫీసరు గడియారం వంక చూసి బోర్డు పెట్టించాడు. మామ ఏ మాటా విసరలేదు. పడుకుని, తండ్రి దవడ ఆనిన చోటే దవడ ఆనించి, ఊపిరి సగంలో ఆపి, ఒక్కొక్కటే కాల్చాడు. నాలుగోది చక్రం బయట పడింది. ఏడోదీ బయటే. తొమ్మిదోది కాల్చేముందు కర్ర మీద ఆయన చెమటే జారింది, అదీ పోయింది. పదోదానికి ముందు చాలాసేపు ఆగాడు. ఆఫీసరు దగ్గాడు కూడా.

బోర్డు తెచ్చారు. నల్లచక్రంలో ఏడు. అన్నీ గుండ్రటివే.

"అంచుమీద బతికింది" అని ఆఫీసరు సంతకం పెట్టాడు. మామ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆనందం వస్తుందేమో అని దారంతా ఎదురుచూశాడు. రాలేదు. గుండె మీది బండ కొంచెం పక్కకి జరిగింది, అంతే. పోయిన రెండంగుళాలు పోయినవే.

మర్నాడు పొద్దున టీ తాగి, గ్లాసు బోర్లించి, మామ ముందుగదిలో కూర్చున్నాడు. అలవాటుగా చెయ్యి తోలుసంచి మీదికి పోయి వెనక్కి వచ్చింది. తలుపు గడియ పెట్టలేదు. కూతురు వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన బోల్టు ఊడదీసి ఆమె చేతికిచ్చాడు. కొసముక్క తిరిగి నక్కితే, బల్ల అంచుకి ఎలా తగిలించాలో, ఎంత తిప్పాలో చూపించాడు. మూడోసారికి ఆమెకి పట్టుబడింది.

"మరి పంది?" అంది ఆ నొక్కు తడుముతూ.

"పంది లేదు. సుత్తి. మీ తాత ఊడదీసి, పెట్టలేక, రుమాల్లో చుట్టుకుని పెద్దమేస్త్రి దగ్గరికి నడిచాడు."

కూతురు ఆయన ముఖంలోకి చూసింది, ఇంకా ఏదో వస్తుందేమోనని. పది మైళ్లనీ, వానలోననీ, దారిలో రెండు పులులు సలాం చేశాయనీ.

"ఎంత దూరం నడిచాడు నాన్నా?"

మామ బోల్టుని తన చోటులోకి తోశాడు.

"రెండు వీధులు" అన్నాడు.